పాత స్నేహాలు తెంచుకోవాలా? సంఘంలో మాత్రం మనసు విప్పే చోటు లేదు

ఒంటిపిచ్చుక | సోమవారం, రాత్రి 11:20

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

నాకు 28 ఏళ్లు. పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే, కానీ నా అంతట నేను ప్రభువు దగ్గరికి వచ్చి మూడేళ్లయింది. కాలేజీ నుంచి నాకు ఐదుగురు స్నేహితులున్నారు. వాళ్లని చెడ్డవాళ్లు అనలేను. నాన్న ఐసీయూలో ఉన్న తొమ్మిది రాత్రులూ బయట బెంచీల మీద నాతో పాటు పడుకున్నది వాళ్లే. కానీ మేం కలిస్తే ఉండేవి మూడే: మందు, బూతు జోకులు, ఫోన్లో బెట్టింగ్. మొదటి రెండూ వదిలాను. మూడోది నన్ను వదల్లేదు. మారుమనస్సు పొందాక కూడా రెండుసార్లు నెల జీతం మొత్తం పోగొట్టుకున్నాను. రెండోసారి పోయింది పోయిన నెలలోనే. ఇంట్లో తెలియదు.

ఇక సంఘం సంగతి. కీబోర్డు వాయించేవాణ్ణి. ఆరు నెలల క్రితం యూత్ ప్రార్థనలో ధైర్యం చేసి, "డబ్బు విషయంలో ఒక బలహీనతలో పడిపోతున్నాను, నా కోసం ప్రార్థించండి" అన్నాను. అంతే అన్నాను. ఆదివారానికల్లా నాకు పేరు కూడా తెలియని ఒక ఆంటీ చెయ్యి పట్టుకుని, "నీ అప్పుల గురించి ప్రార్థిస్తున్నాం బాబూ" అంది. అప్పు అనే మాట నా నోట రాలేదు. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి కీబోర్డు ముందు ఇంకొకరు కూర్చుని ఉన్నారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి మందిరానికి వెళ్లడం తగ్గింది. ఇంట్లోనే ప్రసంగాల వీడియోలు చూస్తున్నాను. విచిత్రం ఏంటంటే, పడిపోయిన రోజు నిజం చెప్పుకోగలిగేది ఆ ఐదుగురితోనే. వాళ్లు నవ్వేసి, "రేపు వచ్చేస్తుందిలేరా" అంటారు. ఆ మాట నన్ను చంపుతుందని తెలుసు. అయినా వింటే హాయిగా ఉంటుంది.

రెండు ప్రశ్నలు. వాళ్లని పూర్తిగా వదిలెయ్యాలా? వదిలేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇరుకు_ద్వారం | సోమవారం, రాత్రి 11:58

బాబూ, మొదటి ప్రశ్నకు జవాబు వాక్యంలోనే ఉంది. "మోసపోకుడి. దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును." 1 కొరింథీ 15:33. ఈ రాత్రే ఆ గ్రూపులోంచి బయటికి రా. నంబర్లు తీసెయ్. అబ్రాహాము సహోదరుని కొడుకు లోతు ఒక్కరోజులో చెడ్డ ఊరైన సొదొమ వాడు కాలేదు. ముందు అటు వైపుగా గుడారం వేసుకున్నాడు (ఆది 13:12). చివరికి ఊరి గవిని (ముఖద్వారం) దగ్గర కూర్చుని ఉన్నాడు (ఆది 19:1). నువ్వు ఇప్పుడు గుడారం దగ్గర ఉన్నావు.

40 ఏళ్లుగా విశ్వాసంలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మెల్లగా వదులుదాం అనుకున్నవాడు వదిలింది నేను చూడలేదు.

తోమా_తమ్ముడు | మంగళవారం, ఉదయం 6:15

కీబోర్డు సంగతి చదివి కడుపు మండింది. ప్రస్తుతానికి అంతే.

బెరయవాడు | మంగళవారం, ఉదయం 7:40

ఇరుకు_ద్వారం గారంటే నాకు గౌరవం. కానీ ఆ వచనాన్ని దాని అధ్యాయంలో పెట్టి చదవాలి. 15వ అధ్యాయం మొత్తం పునరుత్థానం గురించి. "మృతుల పునరుత్థానము లేదని మీలో కొందరు" అంటున్నారని 12వ వచనంలో పౌలు అంటాడు. *మీలో* కొందరు. అంటే ఆ సందర్భంలో నడవడిని చెరిపే సాంగత్యం సంఘం లోపలే కూర్చుని ఉంది! ఇంకో తమాషా, ఆ మాట గ్రీకు నాటకకర్త మెనాండర్‌దని పండితులు చెబుతారు. లోక సాంగత్యం గురించి హెచ్చరించడానికి పౌలు లోకంలోని నాటకంలో మాటే తెచ్చుకున్నాడన్నమాట.

అదే పత్రికలో 5:9-11 కూడా చూడండి. జారులతో సాంగత్యం చేయవద్దని ముందు రాశాను, ఈ లోకపు జారుల గురించి కాదు, అలా అయితే మీరు లోకంలోంచే వెళ్లిపోవాలి అంటాడు. ఆయన దూరం పెట్టమన్నది సహోదరుడని పేరు పెట్టుకుని అదే పనిలో ఉన్నవాణ్ణి.

తమ్ముడు ఆ ఐదుగురితో అర్ధరాత్రి దాకా కూర్చోవాలని నేను అనట్లేదు. వచనాన్ని మాత్రం సరిగా వాడదాం.

ఇరుకు_ద్వారం | మంగళవారం, ఉదయం 8:05

సందర్భం బాగా చెప్పారు. కానీ మునిగిపోతున్నవాడికి గ్రీకు నాటకం ఎందుకండీ. ఒడ్డుకి లాగండి ముందు.

పాత_తిత్తి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఒడ్డుకి లాగే కథే ఒకటి ఉంది, చెప్పనివ్వండి.

నాలుగో శతాబ్దంలో అలీపియస్ అనే కుర్రాడు న్యాయశాస్త్రం చదవడానికి రోముకి వెళ్లాడు. మనుషులు ఒకరినొకరు చంపుకునే గ్లాడియేటర్ పోటీలంటే అతనికి అసహ్యం. ఒకరోజు భోజనం చేసి వస్తున్న తోటి విద్యార్థులు దారిలో ఎదురై, సరదాగానే పట్టుకుని లాక్కెళ్లారు. "నా ఒంటిని తీసుకెళ్తారేమో, నా కళ్లని మీరు తెరవలేరు" అన్నట్టు వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఎవడో పడిపోయాడు, జనం హోరున అరిచారు. ఏమైందో చూద్దామని ఒక్కసారి కళ్లు తెరిచాడు. అంతే. ఆ తర్వాత తనంతట తనే వెళ్లడం మొదలుపెట్టాడు, ఇంకొకరిని లాక్కెళ్లే స్థాయికి వచ్చాడు. ఇదంతా అతని స్నేహితుడు అగస్టీను తన ఒప్పుకోలు పుస్తకంలో రాశాడు. చెవులు కూడా మూసుకుని ఉంటే బాగుండేది అంటాడు.

ఒంటిపిచ్చుక తమ్ముడూ, నీ పరిస్థితిలో కళ్లు ఏవి, చెవులు ఏవి చూసుకో. "నేను కూర్చుంటానంతే, పెట్టను" అని ఎన్నిసార్లు అనుకున్నావు?

కథలో రెండో సగం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. అలీపియస్‌ని మణి అనే అతను పెట్టిన వేరే మతంలోకి దింపింది ఈ అగస్టీనే. అంటే అతనూ ఒక చెడు సావాసమే! 386లో మిలానులో ఒక తోటలో అగస్టీను ఏడుస్తూ ప్రభువు వైపు తిరిగినప్పుడు దగ్గరలో ఉన్నది కూడా అలీపియస్సే. 387 ఈస్టరుకి ఇద్దరూ కలిసే బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఐదుగురిలో ఎవరు ఏమవుతారో ఇవాళ మనకి తెలియదు.

ఇరుకు_ద్వారం | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మంచి కథ. కానీ అలీపియస్ బాగుపడింది గ్లాడియేటర్ల ఆటలో కూర్చుని కాదు కదా.

పాత_తిత్తి | మంగళవారం, మధ్యాహ్నం 2:14

ఒప్పుకుంటాను. చోటు మారాలి. మనిషిని మార్చాలా అన్నదే నా ప్రశ్న.

ఆవగింజ | మంగళవారం, రాత్రి 9:50

అన్నయ్యలందరికీ వందనాలు. మీ చర్చ చదువుతుంటే కొంచెం నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. తెంచుకోవడం, వెళ్లిపోవడం అన్నవి కొందరికే వీలయ్యే పనులు. నేను పెళ్లయిన రెండేళ్లకి ప్రభువుని తెలుసుకున్నాను. ఇంట్లో ఇంకెవరూ విశ్వాసులు కారు. 11 ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాను. మా ఆయన నాతో ఉండటానికి ఇష్టపడుతున్నాడు, 1 కొరింథీ 7 ప్రకారం నేను వెళ్లిపోవడానికి లేదు, వెళ్లాలనీ లేదు. ఆయన మంచివాడు. కానీ ఇంట్లో మాట్లాడే తీరు, పక్కవాళ్ల గురించి అనుకునే మాటలు, నా ప్రార్థన మీద వేళాకోళం, వాటి మధ్యే నా జీవితం.

నేను నేర్చుకున్నది చాలా చిన్న విషయం. నన్ను లాగేది మనుషులు కాదని, కొన్ని గంటలని తెలిసింది. రాత్రి పని అంతా అయ్యాక, అలిసిపోయి, అందరూ ఎవరినో ఒకరిని ఆడిపోసుకునే ఆ గంటలో నేనూ నోరు కలిపేదాన్ని. పొద్దున్న అదే మనుషులతో ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఆ గంటలో నేను పిల్లల దగ్గర ఉంటాను. పెద్ద ప్రకటనలేమీ చెయ్యలేదు. తమ్ముడూ, నిన్ను లాగే గంట ఏది? జీతం పడిన రాత్రా? మ్యాచ్ ఉన్న రాత్రా?

ఇక సహవాసం అంటే, మందిరానికి నేను నెలలో రెండు ఆదివారాలు వెళ్లగలిగితే గొప్ప. నా అసలు సంఘం ఒక్క మనిషి. భర్త పోయిన ఒక అక్క. గురువారం మధ్యాహ్నం 20 నిమిషాలు ఫోన్లో మాట్లాడుకుంటాం. "బాగున్నావా" అని ఆవిడ ఎప్పుడూ అడగదు. "ఈ వారం ఎక్కడ పడ్డావే?" అంటుంది. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత తనెక్కడ పడిందో కూడా చెప్పడం మొదలుపెట్టింది, కోపం పోయింది.

రెండో_మైలు | బుధవారం, ఉదయం 5:45

నేను మానసిక ఆరోగ్య విభాగంలో పనిచేస్తాను, విశ్వాసిని కూడా. ఒంటిపిచ్చుక గారూ, ముందు ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను, మొహమాటపడకండి. జీతం పోయిన ఆ రాత్రుల్లో చచ్చిపోవాలనిపించిందా? జూదంలో చిక్కుకున్నవాళ్లని మేం ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాం. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

రెండోది. దీన్ని "బలహీనత" అంటూ దాచిపెట్టకండి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో జూదాన్ని మద్యం, మత్తు పదార్థాల పక్కనే వ్యసనాల కింద చేర్చారు. పాపం కాదని నేను అనడం లేదు. పాపమూ అవ్వొచ్చు, జబ్బూ అవ్వొచ్చు. కాలు విరిగిందని చెప్పి ప్రార్థన చేయించుకుంటాం, కట్టూ కట్టించుకుంటాం కదా.

పోయినదాన్ని ఇంకో పందెంతో తెచ్చుకుందామనే వెర్రే ఈ జబ్బులో గుండెకాయ. "రేపు వచ్చేస్తుందిలేరా" అనే మాట సరిగ్గా అక్కడే తగులుతుంది. తృటిలో పోయిన పందెం కూడా మెదడుకి ఓటమిలా అనిపించదు, గెలుపు దగ్గరపడినట్టే అనిపిస్తుంది. ఆ యాప్‌లని కట్టింది కూడా అలాగే.

చెయ్యాల్సినవి: యాప్ తీసెయ్యడం చాలదు, ఖాతానే మూయించండి, ఫోన్లో జూదం సైట్లని అడ్డుకునే యాప్ పెట్టుకోండి. జీతం పడే ఖాతా కొన్ని నెలలు ఇంకొకరి చేతిలో ఉండాలి, అందుకు ఇంట్లో ఒకరికైనా చెప్పక తప్పదు. కోరిక ఎంత గట్టిగా లేచినా కాసేపటికి దానంతట అదే దిగుతుంది, ఆ కాసేపు ఒంటరిగా ఉండొద్దు. వ్యసనాలు చూసే డాక్టరుని కలవండి. జూదం మానాలనుకునేవాళ్లు కలుసుకునే గ్యాంబ్లర్స్ అనానిమస్ కూడికలు 1957లో మొదలయ్యాయి, చాలా దేశాల్లో ఉన్నాయి, ఆన్‌లైన్లో కూడా జరుగుతాయి. మీ పూర్తి పేరు అడగరు.

తోమా_తమ్ముడు | బుధవారం, ఉదయం 9:20

ఇక్కడే నాకొక డౌటు. అందరూ పాపులమే అని ఒప్పుకునే చోటు సంఘం. మరి అలాంటి కూడికలో మొదటి నిమిషంలోనే చెప్పుకోగలిగిన సంగతి సంఘంలో పదేళ్లయినా ఎందుకు చెప్పుకోలేం? ఆదివారం "ఎలా ఉన్నారు బ్రదర్" అంటే "దేవుని కృప" అనాలి, అంతే, డైలాగు అయిపోయింది. నేనైతే అందుకే వెళ్లడం మానేశాను. వీడియోలో వాక్యం శుభ్రంగా వినిపిస్తోంది, ఎవరూ నా కీబోర్డు లాక్కోరు.

పాత_తిత్తి | బుధవారం, ఉదయం 11:00

తమ్ముడూ, నాలుగో శతాబ్దంలోనే బసిలు అనే కాపరి ఒంటరి సన్యాసుల గురించి ఒక ప్రశ్న వేశాడు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు, మరి నువ్వు ఒక్కడివే ఉంటే ఎవరి పాదాలు కడుగుతావు? వీడియోలో ప్రసంగం వినొచ్చు. ఆ ప్రసంగీకుడికి నువ్వు జ్వరంతో ఉన్నావని తెలియదు. ఆయనకి జ్వరమొచ్చినా నువ్వు వెళ్లలేవు.

నీ అసలు ప్రశ్న మాత్రం చాలా నిజం. జవాబు నాకు తోచినంత వరకు, గుంపు పెద్దదైతే నటన పెరుగుతుంది. 1742లో, గుర్రం మీద ఊరూరా తిరిగి ప్రసంగించిన జాన్ వెస్లీ, ఇంగ్లండులోని బ్రిస్టల్లో తన అనుచరులైన మెథడిస్టులని 12 మంది చొప్పున చిన్న చిన్న తరగతులుగా చేశాడు. తమాషా ఏంటంటే, అది మొదలైంది ఆధ్యాత్మికత కోసం కాదు, మందిరం కట్టిన అప్పు తీర్చడానికి! వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి నాయకుడు ఇంటింటికీ వెళ్లేవాడు. వెళ్లేసరికి తెలిసింది, ఎవరింట్లో తాగుడుందో, ఎవరింట్లో గొడవలున్నాయో. ఆదివారం ప్రసంగ వేదిక మీద నుంచి అవేవీ కనబడలేదు. అక్కడి నుంచి వాళ్ల సహవాసమే మారిపోయింది. అంతకన్నా చిన్నవి బ్యాండులు, వాటిలో ఆ వారం చేసిన పాపాలేమిటో ఒకరినొకరు అడిగేవారు.

ఆవగింజ చెల్లెమ్మ గురువారం ఫోను కూడా అదే. వెస్లీకి గుర్రం కావలసొచ్చింది, అంతే తేడా.

ఒంటిపిచ్చుక | బుధవారం, రాత్రి 10:35

ఇంతమంది రాస్తారనుకోలేదు. రెండో_మైలు గారూ, మీ ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్లీ తీశాను. వచ్చింది. ఒక రాత్రి. మేడ మీదికి వెళ్లి ఒక గంట నిలబడ్డాను. ఆ ఐదుగురిలో ఒకడు, బూతులు అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాడు, ఏదో పనికిమాలిన జోకు పంపాడు. నవ్వొచ్చింది, దిగొచ్చాను. వాడికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు.

అందుకే తెంచుకోవడం అనేది నాకు అంత తేలిగ్గా అర్థం కావట్లేదు.

ఆవగింజ అక్కా, నన్ను లాగే గంట మ్యాచ్ రోజు కాదు. ఆదివారం సాయంత్రం. మందిరం నుంచి వచ్చాక ఒంటరిగా ఉన్నప్పుడు. రాస్తుంటేనే తెలిసింది.

రెండో_మైలు | బుధవారం, రాత్రి 10:41

చెప్పినందుకు దేవునికి స్తోత్రం. ఇప్పుడు ఈ రాత్రి ఎలా ఉన్నారు? ఇంట్లో ఎవరున్నారు? మీకు ప్రైవేటు మెసేజ్ పెట్టాను, చూడండి.

ఒంటిపిచ్చుక | బుధవారం, రాత్రి 10:44

బాగానే ఉన్నాను. చెల్లి ఉంది. మెసేజ్ చూశాను.

ఇరుకు_ద్వారం | బుధవారం, రాత్రి 11:30

ఆ కుర్రవాడి జోకు కోసం దేవునికి స్తోత్రం చెప్పాను. నా జీవితంలో బూతు జోకు కోసం స్తోత్రం చెప్పడం ఇదే మొదటిసారి.

నలిగిన_రెల్లు | గురువారం, ఉదయం 6:30

చిన్న గుంపులు మంచివి అని అందరూ అంటున్నారు కాబట్టి రెండో వైపు చెప్పాలి. నేను నాలుగేళ్లు అలాంటి దానిలో ఉన్నాను. ఏ సంఘమో చెప్పను.

మేం ఎనిమిది మంది. మొదటి మూడు నెలలు పరలోకమే దిగొచ్చిందనుకున్నాను. రోజూ ఫోన్లు, పుట్టినరోజులకి ఉత్తరాలు, అర్ధరాత్రి ప్రార్థనలు. నా బతుకులో నన్ను అంత పట్టించుకున్నవాళ్లు లేరు. తర్వాత ఒప్పుకోలు పుస్తకం వచ్చింది. వారం వారం పాపాలు రాసి నాయకుడికి ఇవ్వాలి. తర్వాత, ఉద్యోగం మారాలంటే ఆయన్ని అడగాలి. అమ్మ దగ్గరికి వెళ్లాలంటే "నీ పాత జీవితం లాగుతోంది" అన్నారు. ఒకసారి ప్రశ్న అడిగితే, నేను రెండేళ్ల కిందట రాసిన పేజీ తీసి అందరి ముందు చదివారు. బయటికి వచ్చాక ఎనిమిది మందిలో ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. "వెనుదిరిగినవాడు" అని చెప్పారట.

కాబట్టి లోతైన సహవాసం అని ఎవరైనా పిలిస్తే నేను ఇప్పుడు చూసేవి ఇవి. నాయకుడు కూడా తన తప్పులు ఒప్పుకుంటాడా, లేక వినడం మాత్రమే చేస్తాడా? యాకోబు 5:16లో "ఒకనితోనొకడు" ఒప్పుకోమని ఉంది. ఒక్కడికే అందరూ అని లేదు. కాదు అని చెబితే ఏమవుతుంది? వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడతారు? ఈ చివరిది గమనించడం తేలిక, ఒక గంట కూర్చుంటే తెలిసిపోతుంది.

తమ్ముడి సంఘంలో నోరు జారింది. మా దాంట్లో నోరు జారలేదు, దాచి పెట్టుకుని వాడారు. ఏది ఎక్కువ హానికరమో నాకు తెలుసు.

బెరయవాడు | గురువారం, ఉదయం 8:15

రెల్లు గారూ, మీరు ఇది రాసినందుకు కృతజ్ఞతలు. ఇది కొత్త జబ్బు కాదు. 3 యోహానులో దియొత్రెఫే ఉన్నాడు. ప్రధానత్వం కోరుకునేవాడు, సహోదరులని చేర్చుకోడు, చేర్చుకునేవాళ్లని సంఘంలోంచి వెలివేస్తాడు. ఆదిమ సంఘం వాడుకున్న డిడాకే అనే చిన్న బోధనా గ్రంథం 11వ అధ్యాయం చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఊరికి వచ్చిన సంచార అపొస్తలుడు మూడు రోజులు ఉండిపోతే అబద్ధ ప్రవక్త, ఆత్మలో ఉన్నానంటూ తనకి డబ్బు ఇమ్మంటే వాడి మాట వినొద్దు అని ఉంది. ఎంత మోటుగా, ఎంత పనికొచ్చేలా రాశారో చూడండి.

గలతీ 6లో రెండు మాటలు మూడు వచనాల తేడాలో ఉన్నాయి. 2లో ఒకరి భారాలు ఒకరు మోయండి. 5లో ఎవరి బరువు వారే మోసుకోవాలి. మీ గుంపు రెండోది లాగేసుకుంది. ఆదివారం డైలాగులో మొదటిది లేదు.

తోమా_తమ్ముడు | గురువారం, మధ్యాహ్నం 12:50

ఒక ప్రశ్న. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి వింటే చాలు కదా, గోల ఉండదు?

రెండో_మైలు | గురువారం, మధ్యాహ్నం 1:25

అలా మాట ఇవ్వకండి. మనిషి ప్రాణానికి ప్రమాదం ఉన్నా, పిల్లల మీద అఘాయిత్యం జరుగుతున్నా దాచడానికి లేదు. "ప్రాణానికి సంబంధించినదైతే నీకు చెప్పి, సాయం చేయగలిగినవాళ్లకి చెబుతాను. మిగతాది నా దగ్గరే ఉంటుంది, ప్రార్థన అంశంగా కూడా బయటికి పోదు" అని ముందే అనండి. ఈ చివరి ముక్క ముఖ్యం.

ద్వారపాలకుడు (మోడరేటర్) | గురువారం, సాయంత్రం 6:00

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి ఒంటిపిచ్చుక గారి సంఘం ఏదో ఊహించే ప్రయత్నం. రెండోది "విడుదల ప్రార్థన, ముందుగా కానుక పంపాలి" అనే ప్రకటన. డిడాకే గురించి చదివిన పది గంటల్లోనే రావడం బాగుంది.

ఇరుకు_ద్వారం | గురువారం, రాత్రి 10:15

రెండు రోజులుగా ఒకటి రాద్దామని, మానేద్దామని ఉన్నాను.

మా సంఘంలో నేను పెద్దని. ఆరేడేళ్ల క్రితం ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి తన తాగుడు గురించి చెప్పుకున్నాడు. నేను నిజంగానే బాధపడ్డాను. ప్రార్థనలో పెట్టాలని ముగ్గురు పెద్దలకి చెప్పాను. ముగ్గురికే. ఒక వారంలో వాడి పెళ్లి సంబంధం తప్పిపోయింది. అది నా నోటి నుంచే వెళ్లిందని వాడికి తెలుసు. నాకూ తెలుసు. ఇప్పటిదాకా ఆ ముగ్గురిలో ఎవరో అన్నారని చెప్పుకుంటూ వచ్చాను. వాడు ఇప్పుడు ఏ మందిరానికీ వెళ్లడం లేదు. వాడికి పాత స్నేహితులే మిగిలారు.

స్నేహాల విషయంలో నా మాట మార్చుకోవడం లేదు. బెట్టింగ్ చేసే గుంపులో బెట్టింగ్ మానడం అయ్యే పని కాదు. కానీ "ఎవరి దగ్గరికి వెళ్లాలి" అన్న నీ రెండో ప్రశ్నకి నేను జవాబే రాయలేదని ఇవాళ గమనించాను బాబూ.

ఆవగింజ | గురువారం, రాత్రి 10:32

అంకుల్, ఆ అబ్బాయి ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా?

ఇరుకు_ద్వారం | గురువారం, రాత్రి 10:40

ఉంది.

ఒంటిపిచ్చుక | 24 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:10

ఏమైందో మీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. గొప్ప సాక్ష్యమేమీ కాదు.

మొదట చెల్లికి చెప్పాను. గంటసేపు ఏడ్చింది, తర్వాత నా బ్యాంకు పాస్‌వర్డు మార్చేసింది. ఇప్పుడు నాకు వారం ఖర్చులకి తనే ఇస్తోంది. సిగ్గుగా ఉంది, ప్రశాంతంగా కూడా ఉంది. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. ఒక్కసారి పడ్డాను, 11వ రోజున, ఒక స్నేహితుడి ఫోన్లోంచి. చిన్న మొత్తం. ఆ రాత్రే చెల్లికి చెప్పేశాను, ముందైతే రెండు నెలలు దాచేవాణ్ణి.

స్నేహితుల గ్రూపులో రాశాను, నేను బెట్టింగ్ మానేస్తున్నాను, మ్యాచ్ రాత్రులు రాను, మిగతా ఎప్పుడైనా పిలవండి అని. ఇద్దరు ఎగతాళి చేశారు. ఒకడు అసలు జవాబు ఇవ్వలేదు. ఆ జోకు పంపినవాడికి మేడ సంగతి కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాది నీకన్నా పెద్ద అప్పురా" అన్నాడు.

సంఘం. యూత్ వాళ్ల దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. మా మందిరంలో ఆదివారం అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేసే ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన మనిషి, మైకు ఎప్పుడూ పట్టుకోలేదు. పది నిమిషాలు కుర్చీలు వేయడంలో సాయం చేసి, వారానికి ఒకసారి మీతో మాట్లాడొచ్చా అని అడిగాను. "నాకు వాక్యం అంతగా రాదు బాబూ, పాస్టరు గారిని అడుగు" అన్నారు. నేను ఇంకా అలాగే నిలబడి ఉంటే, "సరే, గురువారం సాయంత్రం మెట్ల మీద కూర్చుంటాను, వస్తే రా" అన్నారు.

మొదటి గురువారం ఇద్దరం దాదాపు ఏమీ మాట్లాడుకోలేదు. రెండోసారి చెప్పేశాను అంతా. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. చాలా ఏళ్ల క్రితం తన కొడుకుతో మాటలు ఆగిపోయిన సంగతి చెప్పారు. దాని గురించి సంఘంలో ఎవరికీ తెలియదట. ఇద్దరం ప్రార్థన చేశాం, ఆయన రెండు వాక్యాల్లో ముగించేశారు. ఆదివారం నన్ను చూసి మామూలుగా తల ఊపారు, అంతే. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.

కీబోర్డు ఇంకా వేరేవాళ్ల దగ్గరే ఉంది. ఎందుకు తీసేశారో పాస్టరు గారిని సూటిగా అడగాలి. ఇంకా అడగలేదు.

ఇప్పుడు ప్రశ్న. ఆ స్నేహితుడు నిన్న అడిగాడు, "గురువారం మీరిద్దరూ ఏం చేస్తారు?" అని. వాడు విశ్వాసి కాదు. తీసుకెళ్లొచ్చా?

నలిగిన_రెల్లు | ఆదివారం, రాత్రి 8:25

ముందు పెద్దాయన్ని అడుగు. ఆయన కొడుకు సంగతి నీ దగ్గర ఉంది కదా. మూడో మనిషి వస్తే ఆయనకి ఇబ్బందేమో. కాదంటే కాదనే అనుకో, వాడితో వేరే రోజు కూర్చో.

ఇరుకు_ద్వారం | ఆదివారం, రాత్రి 8:50

అడిగి తీసుకెళ్లు బాబూ. నేనే చెబుతున్నాను.

నా సంగతి అడుగుతారేమో. ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "చెప్పండి" అన్నాడు. తప్పు నాదే అన్నాను. "ఇప్పుడెందుకు సార్" అన్నాడు. ముందు అంకుల్ అనేవాడు. వచ్చే వారం మళ్లీ చేస్తాను.

ఒంటిపిచ్చుక | మంగళవారం, రాత్రి 9:05

పెద్దాయన్ని అడిగాను. "వాడూ మెట్ల మీద కూర్చోగలడా, నడుం నొప్పి లేదుగా?" అన్నారు. వర్షం పడితే లోపల కూర్చుందాం, తాళం నా దగ్గరే ఉంది అన్నారు.